నా పేరుతో వెళ్లిన ఫోన్

పోయిన వారం నన్ను ఎక్కడ నిలబెట్టి వెళ్లిపోయారో గుర్తుందా? ప్రిన్సిపాల్ గది గుమ్మంలో! లోపల్నించి "అదిగో వచ్చింది, ఆవిణ్నే అడగండి" అన్న ఇంద్రాణి మేడం గొంతు, దాని వెంటే ఎవరో కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు. అక్కడ ఆగింది కథ.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. నా పేరు అరుణజ్యోతి. పిల్లలకు జ్యోతి టీచర్ని. కొత్తపేట వెనక సందులో ఉన్న శేషారత్నం ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి నాది. బడి యజమాని బాపిరాజు గారు తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, వాళ్లమ్మగారి పేరే బడికి పెట్టుకున్నారు. ఈ ఏడు చిన్న బడులన్నిటిలో మూడో తరగతి పిల్లలకు ఒక బయటి సంస్థ ఒకే ప్రశ్నపత్రంతో ప్రగతి పరీక్ష పెట్టింది. మా బడికి ‘ఏ’ గ్రేడ్ వచ్చింది. వారం తిరక్కుండా ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. పరీక్ష రాసిన పిల్లలు అందులో ఎక్కడో మూలన ఉన్నారు, నడుమ మాత్రం బాపిరాజు గారు నిలువెత్తున దండం పెడుతున్నారు. ఆ ఫ్లెక్సీ దించకముందే గుట్టు బయటపడింది. నా క్లాసులో ఐదుగురు పిల్లలు పరీక్ష రోజు బడికే రాలేదు. వాళ్లంతట వాళ్లు మానలేదు. ముందురోజు సాయంత్రం ఎవరో ఇళ్లకు ఫోన్ చేసి రావద్దన్నారు. ఆ ఫోన్లు చేసింది నేనేనట!

ఇక లోపలికి పదండి.

గదిలో బల్లకు అవతల బాపిరాజు గారు, ఆయన పక్కన ప్రిన్సిపాల్ ఇంద్రాణి మేడం. ఇవతల పరీక్ష పెట్టిన సంస్థ నుంచి విచారణకు వచ్చిన చక్రపాణి గారు, కళ్లజోడు తుడుచుకుంటూ. కుర్చీ నెట్టి లేచింది లింగస్వామి. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేశాడు. ఒక చేత్తో కూతురు గీత జబ్బ పట్టుకున్నాడు. నా వెనకాలే విజయదుర్గ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఐదో తరగతి టీచరు, ఈ బడిలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. "నువ్వొక్కదానివే వెళ్లడమేంటి, నేనూ వస్తా" అని పొద్దున్నుంచీ నా వెంటే ఉంది.

నేనింకా సరిగ్గా కూర్చోనేలేదు, లింగస్వామి మొదలుపెట్టాడు.

"ఏం టీచరమ్మా, నా బిడ్డ పరీక్ష రాస్తే మీ బడి ఇజ్జత్ పోతదా?"

"అన్నా, జర నా మాట విను..."

"ఇనుడేంది? ఇంకా ఏం ఇనాలె? మా ఇంటి ముంగటనే సర్కారు బడి ఉన్నది. ఈడిదాంక ఎందుకొచ్చినం? మన దేవరకొండ దిక్కు టీచరమ్మ ఉన్నది, మన పిల్లల్ని కడుపుల పెట్టుకుని చూసుకుంటదని నీ పేరు ఇని వచ్చినం. ఆ ఐదిళ్లోళ్లం అందరం గట్ల వచ్చినోళ్లమే. నువ్వే బిడ్డ మొకాన తలుపేస్తివి గదా!"

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్లయింది. ఉద్యోగం పోతే ఇంకో బడి దొరుకుతుంది, దొరక్కపోతే ట్యూషన్లు చెప్పుకుంటాను. కానీ నల్లగొండ పల్లెల్నుంచి వచ్చి కర్మన్‌ఘాట్, మూసారాంబాగ్‌లలో ఒక్కో గది అద్దెకు తీసుకుని బతుకుతున్న మనుషులు నన్ను నమ్మారు. ఆ నమ్మకమే నాకున్న ఆస్తి. అది పోయాక ఏ బడిలో ఏ ముఖం పెట్టుకుని పాఠం చెప్పను?

"నేను ఏ ఇంటికీ ఫోన్ చెయ్యలే" అన్నాను.

"చూడమ్మా జ్యోతీ," బాపిరాజు గారు గొంతులో తేనె పోసుకున్నారు. "గొడవెందుకు చెప్పు? బడి పేరు నిలబెడదామనే చేశావు. నీ మనసు నాకు తెలీదా? కాకపోతే పద్ధతి తప్పు. ఒప్పేసుకుంటే ఇక్కడితో అయిపోతుంది. చక్రపాణి గారు కూడా అదే అన్నారు."

"నేనలా అనలేదండీ" చక్రపాణి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "ఎవరు చేశారో తేలితే అది ఆ మనిషి తప్పు. తేలకపోతే బడి తప్పు. బడి తప్పైతే గ్రేడ్ రద్దు చేస్తాం. నేనన్నది ఇంతే."

అబ్బో! ఇంతేనట! అంటే ఎవరో ఒకరి తల కావాలి. ఆ తల దొరికితే ఫ్లెక్సీ దించే పని ఉండదు. గ్రేడ్ వచ్చిన రోజు స్టాఫ్ మీటింగ్‌లో నా పేరు ఒక్కరి నోట రాలేదు, "మన మేనేజ్‌మెంట్ కృషి" అన్నారు. ఇవాళ మాత్రం అందరికీ నేను గుర్తొచ్చాను. మార్కులొస్తే బడివి, మచ్చ వస్తే టీచరుది.

"బాధ్యత అంటూ ఒకటుండాలి కదండీ" ఇంద్రాణి మేడం అందుకుంది. "మూడో తరగతి ఎవరిది? ఈవిడది. పరీక్షకి వారం ముందు నా గదికొచ్చి, ఈ ఐదుగురూ చదవడంలో వెనకబడి ఉన్నారని చెప్పిందెవరు? ఈవిడే. ఇంకా ఎవర్ని అడగాలి?"

నా ఒళ్లు మండిపోయింది.

"సగం చెప్పి ఆపుతరేంది మేడం? వెనకబడ్డరని చెప్పిన. బడి అయినంక గంటసేపు కూర్చోబెట్టి చదివిస్తా, క్లాసు తాళం ఇయ్యుండ్రి అని కూడా అడిగిన. మీరు ఇయ్యలే. కరెంటు దండగ అన్నరు. వరండాలో కూర్చోబెట్టి చెప్పుకున్న."

"చూశారా మాట తీరు! ఈ భాషే పిల్లలకీ అంటిస్తోంది. ‘ఏంది’ కాదమ్మా, ‘ఏమిటి’ అనాలి అని మూడేళ్లుగా చెబుతున్నాను. మారితే కదా!"

మూడేళ్లు! ఇది నిజం. అసెంబ్లీలో, స్టాఫ్ రూములో, పిల్లల ముందర, వాళ్ల తల్లిదండ్రుల ముందర, ఎక్కడ వీలైతే అక్కడ నా మాటను పట్టుకుని సరిచేసింది ఈ మహాతల్లి. నేను నోరు మూసుకుని పడి ఉన్నాను. విజయక్కే "పోనీలేవే, ఆవిడ సంగతి తెలిసిందే కదా" అని నా వీపు నిమిరేది. ఇప్పుడు కూడా బల్ల కింద తన చెయ్యి నా మోకాలి మీద ఉంది.

"సార్," చక్రపాణి గారి వైపు తిరిగాను, "గీతను నేను రెండు ముక్కలు అడగొచ్చా?"

"నా బిడ్డను ముట్టకు!" లింగస్వామి అరిచాడు.

"ముట్టనన్నా. ఈడనే కూర్చుంటా. నువ్వు దాని చెయ్యి పట్టుకునే ఉండు."

చక్రపాణి గారు అడగమన్నట్టు తల ఊపారు. గీత ఈ ఏడే మా బడిలో చేరింది. ఎనిమిదేళ్లు. చదవడంలో కాస్త తడబడుతుంది కానీ, ఒకసారి విన్నమాటను అచ్చు దించేస్తుంది. క్లాసులో వాళ్ల నాయనమ్మ కూరగాయల బండివాడితో బేరమాడే తీరు చేసి చూపించి అందరినీ నవ్విస్తుంది. ఇప్పుడు మాత్రం పిల్ల ముఖం పాలిపోయి ఉంది, నావైపు చూడ్డానికే భయపడుతోంది.

"గీతా, ఆ రోజు సాయంత్రం ఫోన్ ఎవరెత్తిండ్రు బిడ్డా?"

"నేనే టీచర్. అమ్మ బట్టలు ఉతుకుతుండె. డాడీ డ్యూటీల ఉండె."

"నంబరు బడిదే" లింగస్వామి మధ్యలో దూరాడు. "నా ఫోన్ల బడి అని పెట్టుకున్న. గదే పడ్డది."

బడి నంబరంటే ఇదిగో, ఈ బల్ల మీద ఉన్న ల్యాండ్‌లైను. సాయంత్రం బడి అయ్యాక ఈ గదికి తాళం ఉండదు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా చెయ్యొచ్చు.

"ఎవరు మాట్లాడుతున్నమన్నరు?"

"జ్యోతి టీచర్ అన్నరు."

"గొంతు నా లెక్కనే ఉండెనా?"

గీత తండ్రి వైపు చూసింది, తర్వాత నావైపు. "కొంచెం వేరే ఉండె టీచర్. మీకు సర్ది అయిందేమో అనుకున్న."

"ఏం మాట్లాడిన్రో ఒక్క ముక్క పోకుండ చెప్పు. నాయనమ్మ తీరు చేస్తవు చూడు, అచ్చం గట్ల."

పిల్ల కళ్లు మూసుకుంది. గొంతు కాస్త సన్నగా చేసింది.

"‘హలో, గీతా? నేనమ్మా, జ్యోతి టీచర్ని మాట్లాడుతున్నాను. రేపు నువ్వు బళ్లోకి రానక్కర్లేదు. ఎంచక్కా ఇంట్లో పడుకో. నాన్నకి కూడా చెప్పేసెయ్యి, ఏం?’"

చెప్పేసి కళ్లు తెరిచింది.

బళ్లోకి రానక్కర్లేదు! నా జన్మలో నా నోట్లోంచి ఊడిపడని మాట. మేం బడికి రాకు అంటాం, బడికి పోకు అంటాం. నన్ను చంపి మళ్లీ పుట్టించినా బళ్లోకి రానక్కర్లేదని అనలేను. అనగలిగితే ఇంద్రాణి మేడం నాకు మూడేళ్లు క్లాసు పీకాల్సిన పనే ఉండేది కాదు.

నాకంటే ముందు లింగస్వామికి వెలిగింది.

"గిది మా మాట కాదు" అన్నాడు మెల్లగా. కూతురి వైపు వంగాడు. "మల్ల చెప్పు బిడ్డా." గీత మళ్లీ చెప్పింది, మొదటిసారి చెప్పినట్టే, చివర్లో ఆ ‘ఏం?’తో సహా. లింగస్వామి నడుం నిటారుగా చేసి బల్ల అవతలికి చూశాడు. "మేడం, గీ మాట ఎవలదో మీకు ఎరుకేనా?"

ఇంద్రాణి మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అంటే... నేనా? నేను చేశానంటారా?"

"మా టీచరమ్మ గట్ల మాట్లాడది. మాట్లాడొస్తలేదని మీరే ఇప్పుడు మా అందరి ముంగట చెప్పిన్రు."

"ఏవండీ, మీరు భాష మీదికి వెళ్లకండి!" బాపిరాజు గారు బల్ల గుద్దారు. "ఇది బడి. ఎవరెక్కడివాళ్లన్నది ఇక్కడ మాట్లాడకూడదు."

"భాష మీదికి మేం పోలే సార్. గిప్పటిదాంక మేడమే పోయింది."

"నేను చెయ్యలేదు!" ఇంద్రాణి మేడం లేచి నిలబడింది. "కోస్తా మాట మాట్లాడినంత మాత్రాన నేనే అయిపోతానా? ఏంటీ దారుణం? సార్, మీరైనా చెప్పండి!"

బాపిరాజు గారు చెప్పలేదు. ఆయన లెక్క ఆయనకుంది. ఒక తల కావాలి, ఏ తలైతేనేం? నా తల దక్కకపోతే ఈవిడ తల. ఆయన చూపు నామీంచి ఇంద్రాణి మేడం మీదికి జరగడం నేను కళ్లారా చూశాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఎంత హాయిగా ఉందో! మూడేళ్ల కసి. నా మాటను ఎక్కిరించిన మనిషిని ఆ మాటే పట్టిచ్చింది. తను కంగారుగా ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తోంటే, ఇంకాస్త సేపు ఇలాగే ఉంటే బాగుణ్నని కూడా అనిపించింది. ఆ హాయిలోనే గీత చెప్పిన మాటలు చెవిలో మళ్లీ తిరిగాయి. ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ఎంచక్కా.

ఇంద్రాణి మేడం ఆ మాట అనదు. ఆవిడ మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. పిల్లల్ని ‘అమ్మా’ అని కూడా పిలవదు, రోల్ నంబరు పెట్టి పిలుస్తుంది. ఎంచక్కా అనేది, మాట చివర ‘ఏం?’ అని ముద్దుగా తోక తగిలించేది ఈ బడిలో ఒక్కరే. ఎంచక్కా మామిడికాయ పప్పు తెచ్చానే, రా తిందువుగాని. ఎంచక్కా మెట్రోలో వెళ్లిపోదాం, ఏం? రోజూ మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలో సగం తినే మనిషి. ఆమె చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది.

నేను మాట్లాడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నా పేరు కడిగేసినట్టే. ఇంద్రాణి పీడ విరగడవుతుంది. రేపు మధ్యాహ్నం నేనూ విజయక్కా కలిసి తింటాం. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. విజయక్క వేళ్లు నా మోకాలిని గట్టిగా నొక్కాయి. తనకు తెలిసిపోయింది, నాకు తెలిసిందని.

"మేడం కాదు" అన్నాను.

ఇంద్రాణి మేడం నోరు తెరుచుకుని నావైపు చూసింది. లింగస్వామికి కోపం మళ్లీ నెత్తికెక్కింది. "ఏంది? మల్ల ఆమెను ఎనకేసుకొస్తున్నవా?"

నేను పక్కకు తిరిగాను.

"విజయక్కా, నా పేరెందుకు చెప్పినవ్?"

"ఏంటే నీ గోల?" విజయదుర్గ నవ్వబోయింది. "నన్నంటావేంటి? ఎంచక్కా తేలిపోయిన గొడవని మళ్లీ..."

ఆగిపోయింది. కానీ ఆలస్యమైంది. గీత తండ్రి చెయ్యి విడిపించుకుని రెండడుగులు ముందుకొచ్చింది.

"డాడీ, గీ గొంతే! గీ మేడమే!"

విజయక్క నా మోకాలి మీద చెయ్యి తీసేసింది. ఏడుస్తుందనుకున్నాను, కాళ్లావేళ్లా పడుతుందనుకున్నాను. పడలేదు. నామీదికి విరుచుకుపడింది.

"అవును, చేశాను! అయితే ఏంటి? గ్రేడ్ రాకపోతే ఐదో తరగతి ఎత్తేస్తానని సార్ మీటింగ్‌లో అనలేదా? నీ మూడో తరగతి పిల్లలు తప్పు రాస్తే నా ఉద్యోగం పోవాలా? ఇదెక్కడి న్యాయం? వాళ్లు రాకుండా ఉంటే సరిపోతుందనుకున్నాను, అంతే!"

"నేను ఎత్తేస్తానన్నాను గానీ ఫోన్లు చెయ్యమన్నానా?" బాపిరాజు గారు వెంటనే చేతులు దులుపుకున్నారు.

"నేనడిగింది అది కాదక్కా" అన్నాను. "నీ పేరే చెప్పొచ్చు గదా. మేడం పేరు చెప్పొచ్చు, సార్ పేరు చెప్పొచ్చు. నా పేరెందుకు?"

"మా పేర్లు చెబితే నమ్ముతారా వాళ్లు? ఎందుకు, ఏమిటి అని వంద అడుగుతారు, పొద్దున్నే బడికొచ్చి కూర్చుంటారు. జ్యోతి టీచర్ చెప్పిందంటే ఎదురు మాట్లాడరు. ఐదిళ్లకి చేశాను. ఒక్కళ్లంటే ఒక్కళ్లు ఎందుకని అడగలేదు. ‘మంచిది టీచరమ్మా’ అని పెట్టేశారు. అందుకని నీ పేరు!"

చెంప మీద కొట్టి ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదు. నా మంచి పేరే ఆ పిల్లల్ని బడికి రాకుండా ఆపింది. అందులో నా తప్పు లేదు, అయినా నాకు ఏడుపొచ్చింది.

"సరే, తేలిపోయింది" బాపిరాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ ముఖంలో ఎంత తేటదనమో! "ఈవిడ రేపట్నించి బడికి రాదు. మనిషి తప్పని తేలింది కాబట్టి మన గ్రేడ్‌కేం ఢోకా లేదు. అంతేగా చక్రపాణి గారూ?"

నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎట్ల ఢోకా లేదు సార్? ఐదుగురు పరీక్షే రాయలే. వాళ్లు బడి పిల్లలు కారా? వాళ్లతోని రాయించుండ్రి. రాయించినంక ఏ గ్రేడ్ వస్తే అదే మన గ్రేడ్."

"నీకు మతి పోయిందా? వాళ్లు రాస్తే ‘ఏ’ కాస్తా ‘సీ’ అవుతుంది! నీ ఉద్యోగం నీకు మిగిల్చాను, అది చాల్లేదూ?"

"నా పిల్లలు రాస్తరు సార్."

చక్రపాణి గారు కాసేపు గీతను చూశారు. "టీచర్ గారు అడిగింది సబబే. రేపు ఉదయం తొమ్మిదింటికి ఐదుగురూ ఇక్కడే రాస్తారు. పేపర్ నేనే తెస్తాను, దగ్గరుండి నేనే రాయిస్తాను. ఇళ్లకు పొద్దున్నే నేనే స్వయంగా వెళ్లి చెబుతాను. అప్పటిదాకా ఈ సంగతి ఈ గది దాటకూడదు. మళ్లీ ఎవరైనా ఒక్క పిల్లను ఆపినా గ్రేడ్ సంగతి తర్వాత, ఈ బడి పేరే మా సంస్థ నుంచి కొట్టేస్తాం. మా ఆఫీసుతో ఒక్కసారి మాట్లాడి వస్తాను, అందాకా ఎవరూ వెళ్లిపోకండి."

ఆయన బయటికి వెళ్లగానే గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక తలో దిక్కూ కదిలారు. బాపిరాజు గారు బీపీ మాత్ర వేసుకోవాలని ఇంటివైపు వెళ్లారు, ఆయన ఇల్లు బడి మేడ మీదే. ఇంద్రాణి మేడం నాతో ఏదో అనబోయి, అనలేక, విసురుగా స్టాఫ్ రూము వైపు పోయింది. రేపటి డ్యూటీ మార్పించుకోవాలని లింగస్వామి ఫోన్ పట్టుకుని వరండాలోకి నడిచాడు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"రేపు నా బిడ్డ రాస్తది. రాయకుంటే మాత్రం నిన్ను ఇడిచిపెట్టేది లేదు, చెప్తున్న."

"రాస్తదన్నా" అన్నాను.

విజయక్క కదల్లేదు. నా పక్కనే తల గోడకు ఆనించి కూర్చుంది. నేను ఆవిడ వైపు చూడదలచుకోలేదు. గీతను దగ్గరికి పిలిచి గోడ మీది అట్ట చూపించాను. "చదువు" అన్నాను. పిల్ల వేలితో గాల్లో గీసుకుంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "ప్ర... శ్న అడి... అడిగే పి... పిల్లలే పెద్ద... వాళ్లవు... అవుతారు." చివరికొచ్చేసరికి చెమట పట్టింది పాపం. కానీ చదివింది! జూన్‌లో చేరినప్పుడు ఒత్తు కనబడితే ఏడ్చిన పిల్ల. దాని తల మీద చెయ్యి వేశాను. ఈసారి తను బెదరలేదు.

చక్రపాణి గారు వచ్చి కూర్చున్నారు. బాపిరాజు గారు, ఇంద్రాణి మేడం, లింగస్వామి ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ల్యాండ్‌లైను మోగింది. ఇంద్రాణి మేడం చక్రపాణి గారి వైపు చూసి స్పీకర్ నొక్కింది.

"హలో, బడేనా? జ్యోతి టీచరమ్మ ఉన్నదా?"

గుర్తుపట్టాను. అండాలమ్మ. మట్టయ్య భార్య, మూసారాంబాగ్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఆ ఐదుగురిలో ఒక పిల్ల తల్లి.

"నేనే అండాలమ్మక్కా, చెప్పు."

"గిప్పుడే ఫోన్ చేసిన్రు గద టీచరమ్మా, రేపు పొద్దుగాల పరీక్ష ఉన్నది, పిల్లను పంపకని. మా ఆయనేమో మల్లొకసారి అడుగుమన్నడు. ఒక్క రేపేనా, ఇంకేమన్న ఉన్నదా అని చేసిన."

చక్రపాణి గారు కుర్చీలో ముందుకు వంగారు. లింగస్వామి కళ్లు పెద్దవయ్యాయి. అందరి చూపులూ విజయదుర్గ మీదికి పోయాయి. ఆమె రెండు చేతులూ పైకెత్తింది, ఖాళీ చేతులు. నా పక్క నుంచి ఆమె లేవలేదు, దానికి నేనే సాక్షిని.

"అక్కా, ఎవరు చేసిండ్రు?" ఫోన్ మీదికి వంగి అడిగాను.

"అదేంది, మీరే గద! మొన్నటి లెక్క కాదు, మొన్న ఏందో ఆంధ్ర తీరు మాట్లాడిన్రు, నేను పరేషానైన. ఇయ్యాల మంచిగ మన తీరే మాట్లాడిన్రు. ‘జర పిల్లను ఇంట్లనే ఉంచుకో అండాలమ్మక్కా’ అన్నరు. గట్ల అక్కా అని నన్ను పిలిచేది మీరొక్కరే గదా!"

రేపటి పరీక్ష సంగతి పుట్టి గంట కాలేదు. ఈ గదిలోని వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇందాక నా ఎదుటి నుంచి లేచి బయటికి వెళ్లిన ముఖాలు ఒక్కొక్కటే చూశాను. వాళ్లూ ఒకర్నొకరు చూసుకుంటున్నారు.

"అక్కా, నా మాట విను" గబగబా అన్నాను. "నేను చెయ్యలే. గా ఫోన్ నాది కాదు. మొన్నటిది కూడా నాది కాదు. రేపు పిల్లను పంపు. తొమ్మిదింటికల్లా బడిల ఉండాలె. తప్పకుండ పంపక్కా!"

అవతల మట్టయ్య ఏదో అడగడం, ఆమె ఊకో అనడం వినిపించాయి. మళ్లీ అండాలమ్మ మాట్లాడినప్పుడు ఆ గొంతులో చనువు లేదు.

"ఇందాక మాట్లాడినామె కూడ నేనే జ్యోతి టీచర్నన్నది. మీరు కూడ గదే అంటున్నరు. మీరిద్దరు మన తీరే మాట్లాడుతున్నరు. గిప్పుడు మాట్లాడేది మీరేనని నాకెట్ల ఎరుకమ్మా?"

ఫోన్ పెట్టేసింది.